నిప్పు మానేసిన సాయంత్రాలు

మా అత్త చుట్టని తిరగేసి తాగేది. వెలిగించిన కొస నోటి లోపల, వెలిగించని కొస పెదాల మధ్య. దీన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబాలతో పాటు ఇది కూడా బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చింది. నా చిన్నప్పుడు అక్కడి రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సాయంత్రం పూట ఏ వరండా చూసినా ఒక ముసలావిడ నోరు మూసుకుని, ముక్కులోంచి సన్నగా పొగ వదుల్తూ కూర్చుని ఉండేది. ఇప్పుడు ఆ క్వార్టర్ల లైన్లన్నిటిలోనూ మా అత్త ఒక్కతే మిగిలింది.

ఆ లైన్లలో క్వార్టర్లన్నీ ఒకేలా ఉంటాయి. అదే పసుపు గోడ, అదే ఆకుపచ్చ తలుపు, అదే రెండు స్తంభాల వరండా. మావయ్య వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఏడాది వానాకాలంలో కరెంటు పోయిన ఓ సాయంత్రం ఇంకెవరి వరండాలోనో సైకిల్ స్టాండు వేసి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చిచ్చిన ఆవిడ ఎవరో చూడకుండానే తాగేసి, అన్నం పెట్టమన్నాడట కూడా. లైనంతా చాలాకాలం ఆ మాట చెప్పుకుని నవ్వింది.

ఆ మర్నాటి నుంచే అత్త సాయంత్రం వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. కొత్త కోడలు, లోపల అత్తగారు ఉంది. మొగుణ్ణి వీధిలోకి కేకేసి పిలవడం ఆ ఇళ్ళలో లేదు. ఆయన సైకిల్‌కి చైను కవరు వదులు, పెడల్ తిరిగినప్పుడల్లా టక్కుమని కొట్టుకునేది. ఆ చప్పుడు వినబడగానే అత్త పెదాలు కొంచెం విడదీసి ఊపిరి లోపలికి లాగేది. నోరంతా పొయ్యిలా ఎర్రగా వెలిగేది. ఆయన ఆ వెలుగు చూసి సైకిల్ తిప్పేవాడు. ఇది నేను కళ్ళారా చూసిందే. చిన్నపిల్లలం ఆ వెలుగు చూసి పారిపోయేవాళ్ళం.

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. అత్త వరండాలో కూర్చోవడం మానలేదు.

దినపత్రికలో పని మానుకున్నాక నేను ఈ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఉంటున్నాను. సాయంత్రమైతే సైకిల్ మీద అత్త దగ్గరికి వెళ్ళడం అలవాటు. క్వార్టరు ఇప్పుడు ఆవిడ కొడుకు పేరు మీద ఉంది. మా బావ గూడ్సు గార్డు, ఎక్కువ రోజులు డ్యూటీ మీద బయటే. వరండాలో అత్త గోడకి ఆనుకుని కింద కూర్చుంటుంది. పక్కన ఒక కేను కుర్చీ, ఒక స్టూలు. మొదట్లో నేను కుర్చీలో కూర్చోబోతే అత్త గడ్డంతో స్టూలు చూపించింది. నోట్లో నిప్పుంది కాబట్టి మాట్లాడలేదనుకున్నాను. కారణం అడగలేదు.

వర్క్‌షాపు సైరన్ మోగాక వీధంతా సైకిళ్ళూ బైకులూ. ఆ రద్దీ వెళ్ళిపోయాక, దూరంగా యార్డులో వ్యాగన్ల షంటింగ్ చప్పుడు తప్ప ఇంకేం లేనప్పుడు, ఒక సైకిల్ వస్తుంది. చైను కవరు వదులుగా ఉన్న సైకిల్. మా గేటు దగ్గర ఆగుతుంది. స్టాండు వేసిన చప్పుడు. ఎవరూ లోపలికి రారు. పక్క క్వార్టరు వాళ్ళదేమో అనుకుంటూ వచ్చాను. కాసేపటికి అత్త చుట్ట తీసి, నిప్పు గోడకి రాసి ఆర్పి, అప్పుడు నాతో కబుర్లు మొదలుపెట్టేది. ఏం వండిందీ, మార్కెట్లో చేపలమ్మే దీదీ ఏమందీ, బావ ఎక్కడున్నాడో.

ఈ మధ్యే ఒక సాయంత్రం అత్త చుట్ట తొందరగా తీసేసింది. నాలిక బయటపెట్టి వేలితో తడుముకుంది.

"పన్ను కదుల్తన్నాదిరా," అంది. "కోరపన్ను. పట్టు తప్పి నిప్పు నాలిక్కి తగిలీసింది."

చిగుళ్ళ నుంచి రక్తం రావడం అంతకు ముందే ఉందట, చెప్పలేదు. అన్నం తినడానికి ఇబ్బందిగా ఉందా అని అడిగాను. అన్నం గొడవ కాదంది. చుట్టని ఆ కోరపన్ను మీదే ఆనిస్తుందట, పెళ్ళైనప్పటినుంచీ అంతే. ఆ పన్ను పోతే నిప్పు లోపల నిలవదు.

"నిప్పు లేకపోతే ఆయనకి ఇల్లెలా తెలుస్తాదిరా," అంది, కూరలో ఉప్పు లేకపోతే ఎలాగ అన్నంత మామూలుగా.

మర్నాడు టోటో అనే బ్యాటరీ రిక్షా మీద దంతాల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు బెంగాలీ ఆయన. సన్నటి కొలత పుల్లతో పంటికీ చిగురుకీ మధ్య లోతు చూశాడు. పంటి గార వేళ్ళ దాకా దిగిందనీ, చిగురు పంటిని వదిలేసి సంచీలా అయిందనీ, కోరపన్నూ దాని పక్కవీ నిలబెట్టాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలనీ అన్నాడు. ఆయన పక్కన మన తెలుగమ్మాయి ఒకతె ఉంది. ఊరి అవతల ఉన్న ఇంజినీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోంది. విజయనగరం వైపు పిల్ల. మొక్కల నూనెలతో చిగుళ్ళ జెల్ తయారుచేసి, ఆ ఆసుపత్రి వాళ్ళతో కలిసి పరీక్షిస్తోంది.

డాక్టరు బీడీ, సిగరెట్, ఖైనీ ఉన్నాయా అని బెంగాలీలో అడిగాడు. అత్త లేవని బెంగాలీలోనే చెప్పింది. ఆయన చుట్ట పేరెత్తలేదు కాబట్టి అది అబద్ధం అని ఆవిడ అనుకోలేదు. ఆయన అద్దం పెట్టి అంగిలి చూసి, వేడి టీ ఏమైనా పోసుకున్నారా అన్నాడు. అమ్మాయి కూడా వంగి చూసింది. చూసి, చాలాసేపు ఆ అద్దం తీయలేదు.

"అడ్డపొగ కదా మామ్మా," అంది తెలుగులో. "మా అమ్మమ్మ నోరూ ఇలాగే ఉండేది."

అత్త ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "ఓలమ్మ. ఇంత దూరం వచ్చి నా నోట్లో మీ అమ్మమ్మని ఎతుక్కున్నావేటే గుంటా," అంది. కానీ ఆ తర్వాత ఆ పిల్ల చెప్పినవన్నీ వింది.

అమ్మాయి చెప్పింది ఇదీ. అసలు వైద్యం శుభ్రం చేయడమే. పళ్ళ మీదా చిగురు కిందా ఉన్న గార తీసేస్తారు. ఆ తర్వాత చిగురు సందులోకి మొన లేని సూదితో జెల్ ఎక్కిస్తారు. ఒక వైపు లవంగం, వాము, నిమ్మగడ్డి నూనెలున్న జెల్, రెండో వైపు నూనెల్లేని ఉత్త జెల్. రంగు ఒకటే. వాసనతో పోల్చుకోకుండా రెండిట్లోనూ ఒకే పరిమళం కలిపారు. ఏ వైపు ఏదో అత్తకీ తెలీదు, ఎక్కించే డాక్టరుకీ తెలీదు. శుభ్రం చేయడం వల్ల వచ్చే మేలు కంటే నూనెల వల్ల ఇంకేమైనా అదనంగా వస్తుందా అన్నదే వాళ్ళు చూస్తున్నది.

"ఉప్పేసినావో లేదో సెప్పకుండా కూర తినమన్నట్టున్నాది," అంది అత్త.

అదే పరీక్ష మామ్మా అని ఆ పిల్ల నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పొగ ఉన్నవాళ్ళని తీసుకోకూడదనీ, ముందు కొన్ని వారాలు పూర్తిగా మానేస్తేనే పేరు రాస్తామనీ చెప్పింది. అంగిలి మీద ఎర్ర మచ్చల్లోంచి డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. అందులో భయపడాల్సింది ఇప్పటికి లేదనీ, కానీ మళ్ళీ మళ్ళీ కాలుతుంటే ఏదో ఒకనాటికి చెడ్డదిగా మారొచ్చనీ తర్వాత కబురు చేశాడు.

ఆ రోజు టోటోలో తిరిగొస్తూ అత్త నాలికతో కోరపన్నుని తడుముకుంటూ కూర్చుంది. నిప్పు పట్టుకోడానికి పన్ను కావాలి. పన్ను నిలవాలంటే నిప్పు మానాలి. ఇంటి దగ్గర దిగుతూ, "కొన్నాళ్ళే కదా," అంది. నాతో అనలేదు.

నిప్పు లేని మొదటి సాయంత్రం నేను కాస్త ముందే వెళ్ళాను. అత్త గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. వరండా ఎప్పటికన్నా చీకటిగా ఉన్నట్టనిపించింది. అంతకాలం ఆ చిన్న ఎరుపుకి నా కళ్ళు అలవాటు పడ్డాయి. సైరన్ మోగింది. రద్దీ వచ్చి పోయింది. తర్వాత ఆ సైకిల్.

మా గేటు దగ్గర ఆగలేదు. అదే నెమ్మదితో ముందుకెళ్ళింది. లైను చివర కుళాయి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మళ్ళీ మా గేటు దాటింది. అత్త పెదాలు విడదీసి ఊపిరి లాగింది. నోరు నల్లగా ఉంది.

"సూసినావా," అంది మెల్లగా. "ఎల్లిపోతన్నాడు."

లేచి గేటు దాకా వెళ్ళాను. వీధి దీపం వెలుగుతోంది, అటూ ఇటూ ఎవరూ లేరు. సైకిల్ చప్పుడు కుడివైపు నుంచి దగ్గరైంది. పెడల్ తిరిగినప్పుడల్లా టక్కు, టక్కు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నా ముందు నుంచి పోయింది. గ్రీజు వాసన, చెమట వాసన. ఎడమవైపు మలుపు తిరిగి, పక్క లైనులోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వాన పడి వీధి తడిగా ఉంది. వంగి చూశాను. బురదలో ఉన్న చక్రాల జాడల్లో ఏది ఎవరిదో చెప్పడానికి లేదు. నేను చూసిందీ విన్నదీ ఇంతే. దీనికి ఇంకేమీ కలపను.

తిరిగొచ్చి కేను కుర్చీలో కూలబడ్డాను. అత్త నన్ను చూసింది. గడ్డంతో స్టూలు చూపించలేదు. ఆ రోజు నుంచి నేను ఆ కుర్చీలోనే కూర్చుంటూ వచ్చాను.

రోజులు గడిచేకొద్దీ ఆ చప్పుడు మా గేటుకి దూరమవుతూ వచ్చింది. మొదట మా లైనులో రెండుసార్లు తిరిగేది. తర్వాత ఒకసారి. తర్వాత పక్క లైనులోంచి వినబడేది, అక్కడ కాసేపు ఆగేది. ఎవరి వరండా ముందో అనుకునేదాన్ని అని అత్త తర్వాత చెప్పింది. ఇంకెవరి చేతి నీళ్ళు తాగుతన్నాడో అని ఒకసారి నవ్వబోయి, మధ్యలో మానేసింది. అమ్మ పగలు అన్నం సరిగా తినడం లేదేమని బావ నాకు ఫోన్ చేసి అడిగాడు. పన్ను నొప్పి అని చెప్పాను. 

చెప్పిన గడువుకి ఆసుపత్రికి వెళ్తే ఆ అమ్మాయి అత్త నోరు చూసి మొహం ముడుచుకుంది. అంగిలి మానుతోంది. కానీ కోరపన్ను వైపు చిగురు ఇంకా వాచే ఉంది, పళ్ళ మీద కొత్త మరక. డాక్టరు నెమ్మదిగానే, పొగాకు మానలేదు కదా అన్నాడు. అత్తకి కోపం వచ్చింది. అగ్గిపెట్టె ముట్టుకుంటే ఒట్టు, కావాలంటే మా మేనల్లుణ్ణి అడగండి అంది. నేను రోజూ ఉంటున్నాను, నిప్పు చూడలేదని చెప్పాను.

అమ్మాయి అత్త పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "మామ్మా, వరండాలో కూర్చున్నప్పుడు నోట్లో ఏముంటుంది?" అంది.

"సుట్ట," అంది అత్త, అందులో ఏముందన్నట్టు. "ఎలిగించనేదు కదా. ఉట్టినే."

చేతి సంచిలోంచి తీసి చూపించింది కూడా. సగం నానిన చుట్ట. పొగాకు కొస నల్లగా తడిసి ఉంది, కాలిన గుర్తు ఎక్కడా లేదు. మానమన్నది నిప్పుని అనే ఆవిడ అనుకుంది. తన లెక్కలో అడ్డపొగ అంటే నిప్పు. అది తప్ప మిగిలింది ఆకు. రోజూ సాయంత్రం ఆ ఆకుని ఆ కోరపన్ను మీదే ఆనించి, చిగురుకి రసం దింపుతూ కూర్చుంది. కొస బయటికి రాకుండా బుగ్గలోకి తోసి, చీకట్లో పెదాలు మూసుకుని ఉండడంతో పక్కనున్న నాకూ తెలీలేదు.

నోరు ఖాళీగా ఉంటే తను ఇక్కడున్నట్టు తనకే అనిపించడం లేదని చెప్పింది.  అమ్మాయి వారాలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలనీ, ఈసారి ఆకు కూడా ఉండకూడదనీ అంది. సంచిలో ఉన్నవన్నీ ఇచ్చెయ్యమంటుందేమో అనుకున్నాను, ఆ పిల్ల అడగలేదు.

ఈసారి అత్త మాట నిలబెట్టుకుంది. గడువు అయ్యాక శుభ్రం చేశారు. గార తీస్తుంటే గుర్రుమన్న చప్పుడుకి, వర్క్‌షాపు తెచ్చి నా నోట్లో పెట్టినార్రా అంది. రెండు వైపులా జెల్ ఎక్కించారు. తర్వాత కూడా కొన్నిసార్లు పిలిచి ఎక్కించారు. బయటికొచ్చాక టోటోలో నిమ్మగడ్డి వాసన వచ్చేది. ఏ వైపు నూనె ఉందనుకుంటున్నావు అని నేనడిగితే, తెలిస్తే నీకేటి, నాకేటి అనేది. మురీలు, అదే మరమరాలు, నమలడం మొదలుపెట్టింది. ఒకరోజు నానబెట్టని వేరుశనగలు అడిగింది.

పన్ను బిగుసుకుంటూ వచ్చింది. సైకిల్ దూరమవుతూ వచ్చింది. చివరి వారాల్లో ఆ చప్పుడు ఎక్కడో రైలు గేటు వైపు నుంచి, గాలి ఇటు వీస్తేనే వినబడేది. కొన్ని సాయంత్రాలు అసలు వినబడలేదు. అలాంటప్పుడు అత్త నా చెయ్యి పట్టుకునేది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉండేవి.

చివరిసారి చూసినప్పుడు డాక్టరు కోరపన్నుని రెండు వేళ్ళతో పట్టి ఊపబోయాడు. కదల్లేదు. పుల్ల పెట్టి కొలిచి, సంచీ లోతు తగ్గిందన్నాడు. రెండు వైపులా తగ్గింది, ఒక వైపు కొంచెం ఎక్కువగా. అది నూనె వల్లనా, మరోదాని వల్లనా ఒక్క నోరు చూసి చెప్పలేమనీ, అందరివీ పూర్తయ్యాకే ఏ వైపు ఏది పెట్టారో విప్పుతారనీ అమ్మాయి చెప్పింది. అది ఇప్పటికీ విప్పలేదు. మాకు తెలీదు.

పరీక్షలో అత్త వంతు అయిపోయింది. ఇక ఆవిడని ఆపే నియమం ఏదీ లేదు. అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, అత్త చెయ్యి పట్టుకుంది.

"మామ్మా, మళ్ళీ వెలిగించకండి. మా అమ్మమ్మకి అంగిల్లోనే వచ్చింది," అంది.  అత్త ఆ పిల్ల తల నిమిరి టోటో ఎక్కింది.

ఆ సాయంత్రం వానపడుతోంది. కరెంటు లేదు. నేను వెళ్ళేసరికి అత్త ఒళ్ళో కొత్త చుట్ట, అగ్గిపెట్టె ఉన్నాయి. నేను కేను కుర్చీలో కూర్చున్నాను.  పన్ను నిలబడిందే దీనికోసం. ఆవిడ వేలితో కోరపన్నుని లోపలికీ బయటికీ నొక్కి చూసుకుంటోంది. రాయిలా ఉందిరా అంది.

సైరన్ మోగింది. సైకిళ్ళు, గొడుగులు, బైకులు. అన్నీ పోయాయి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి, చాలా దూరంగా, టక్కు. టక్కు. రైలు గేటు వైపు నుంచి అటు ఇంకా దూరం వెళ్తోంది.

అత్త అగ్గిపుల్ల గీసింది. ఆ వెలుగులో ఆవిడ మొహం చూశాను. చుట్ట కొస దగ్గర పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిప్పు వేలి దాకా వచ్చాక వదిలేసింది. నేల మీద తడిలో సుయ్యిమని ఆరింది. చుట్టని గోడ పక్కకి పెట్టేసింది.

"పెళ్ళైన కాణ్ణించి ఆయన్ని ఒక్కసారీ పిలవనేదురా నాను," అంది నాతో.

తర్వాత గోడ పట్టుకుని లేచి, వరండా అంచుకి వెళ్ళి స్తంభం పట్టుకుంది. కొంగు తల మీదకి లాక్కుంది. గొంతు సవరించుకుంది. కొత్త కోడలు సిగ్గు పడినట్టు ఒకసారి వెనక్కి, లోపలి గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు, వాళ్ళ అత్తగారు పోయి ఎంతో కాలమైంది.

"ఇదిగో," అని కేకేసింది. "ఇటు. ఇల్లిటు."

వానలో ఆ గొంతు లైను చివరి దాకా వెళ్ళింది. ఎదురింటి కిటికీ ఎవరో తీసి మళ్ళీ మూసేశారు. టక్కు టక్కు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత మొదలైంది, ఈసారి తొందరగా. కుళాయి దాటింది. మా లైనులోకి తిరిగింది. ఒక్కో గేటూ దాటుకుంటూ, ఎక్కడా తడబడకుండా వచ్చి మా గేటు ముందు ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. గేటు గొళ్ళెం పైకి లేచిన చప్పుడు, అది నేను ఇన్నాళ్ళలో ఎప్పుడూ వినలేదు.

అత్త వెనక్కి తిరిగి నన్ను చూసింది. చీకట్లో మొహం కనబడలేదు. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"నువ్వు లెగరా," అంది. "స్టూలు మీద కూకో. ఆ కుర్సీ ఆయనది."

నేను లేచాను.